ప్రహరీకి జాయింటు వదలండి, ఇంటిని మాత్రం కోయకండి

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో నరసరావుపేట దగ్గర ఒక ఊరు. ఎనిమిది వందల గజాల స్థలంలో నాలుగేళ్ళ క్రితం పిల్లర్లు వేసి 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పుతో ఇల్లు కట్టుకున్నాం. ఇంటికీ ప్రహరీకీ కూడా ఫ్లైయాష్ ఇటుకలే వాడాం. ఇంటి గోడలు బాగానే ఉన్నాయి గాని, 120 అడుగుల పక్క ప్రహరీ రెండో ఏటికే మూడు చోట్ల నిలువునా చీలింది. సిమెంటు పూయించి రంగు వేయిస్తే మళ్ళీ అక్కడే విచ్చుకుంది. ఇది కాక పోర్టికో గోడలో కిటికీ మూల నుంచి ఏటవాలుగా ఒక బీట ఉంది. అది ఎండాకాలంలో రూపాయి బిళ్ళ దూరేంత తెరుచుకుంటుంది, వానలు బాగా పడ్డాక దాదాపు మూసుకుంటుంది. ఆ పక్కనే పెద్ద వేపచెట్టు ఉంది. ఇప్పుడు పై అంతస్తు వేద్దామనుకుంటున్నాం. బ్రిటన్‌లో ఉంటున్న మా అబ్బాయి, అక్కడ కొత్త ఇళ్ళ ఇటుక గోడల్లో పన్నెండు మీటర్లకోసారి నిలువు సందు వదిలి రబ్బరులాంటిది నింపుతారని, మనమూ అలాగే చేయాలని అంటున్నాడు. గోడను మధ్యలో విడదీస్తే బలం పోతుందని, ఇనుము ఎక్కువ వేస్తే చాలని మా మేస్త్రి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ప్రహరీ విషయంలో మీ అబ్బాయి మాట సరైనది, ఇంటి విషయంలో మీ మేస్త్రి మాట చాలావరకు సరైనది. పోర్టికో బీట మాత్రం ఆ ఇద్దరి మాటలకూ అందనిది, ఎందుకంటే అది గోడలో పుట్టింది కాదు, కింద నేలలో పుట్టింది. పై అంతస్తు సంగతి ఆలోచించే ముందే ఆ బీటను పట్టించుకోవాలి కాబట్టి దాని గురించి చివర వివరంగా రాస్తాను. ముందుగా, కట్టిన గోడ ఎందుకు చీలుతుందో తెలిస్తే జాయింటు, అంటే గోడలో కావాలని వదిలే నిలువు సందు, ఎక్కడ అవసరమో, ఎక్కడ అనవసరమో మీకే అర్థమవుతుంది.

గోడ వేడికి పెరుగుతుంది, చల్లదనానికి తగ్గుతుంది. కాంక్రీటు ఒక డిగ్రీ వేడికి మీటరుకు సుమారు 0.01 మిల్లీమీటరు, ఎర్ర ఇటుక కట్టుబడి సుమారు 0.006 మిల్లీమీటరు సాగుతాయి. ఫ్లైయాష్ కట్టుబడికి ఈ రెండింటి నడుమనున్న 0.008 అంకెను తీసుకుని లెక్క వేద్దాం. పల్నాటి ఎండలు ఎలా ఉంటాయో మీకు చెప్పనక్కరలేదు. జనవరి తెల్లవారుజామున గోడకుండే చలికీ, మే నెల మధ్యాహ్నం నేరుగా ఎండ తగిలే గోడకుండే వేడికీ 35 డిగ్రీల తేడా ఉందనుకుంటే, మీ 120 అడుగుల గోడ, అంటే సుమారు 36 మీటర్లు, ఏడాదిలో ఒక సెంటీమీటరు దాకా పొడవు మారాలని చూస్తుంది. చూడటానికి చిన్న అంకే. కానీ ఆ గోడ అడుగు భాగం పునాదికి అంటుకుని ఉంది, పునాది నేలలో ఉంది, నేల లోపలి వేడి అంతగా మారదు. పైభాగం ముడుచుకోవాలని చూస్తుంటే అడుగు భాగం కదలనివ్వదు. ఇటుక కట్టుబడి ఎంత బరువునైనా మోస్తుంది గాని, లాగితే తట్టుకునే శక్తి దానికి బహు తక్కువ. అందుకే ఆ లాగుడుకు ఎక్కడో ఒకచోట చీలిపోతుంది.

ఇక రెండో కదలిక ఇటుక స్వభావం నుంచి వచ్చేది. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఎర్ర ఇటుక బట్టీ నుంచి ఎముకలా ఎండి బయటికి వస్తుంది. ఆ తరువాత గాలిలోని తేమను పీల్చుకుంటూ కొద్ది కొద్దిగా ఉబ్బుతుంది. ఈ ఉబ్బు ఎక్కువ భాగం తొలి వారాల్లోనే జరిగినా, మిగిలినది ఏళ్ళ తరబడి సాగుతుంది, వెనక్కి తగ్గదు. ఫ్లైయాష్ ఇటుక, సిమెంటు దిమ్మె, తేలికపాటి ఏఏసీ దిమ్మె దీనికి పూర్తిగా విరుద్ధం. అవి నీటితో పుట్టి, ఆరుతూ కుంచించుకుపోతాయి. ఫ్లైయాష్–సున్నం ఇటుకలు ఆరేటప్పుడు కుంచించుకుపోవడానికి భారతీయ ప్రమాణం ఐఎస్ 12894 విధించిన గరిష్ఠ పరిమితి 0.15 శాతం. అంత మొత్తం గోడలో జరగదు, ఎందుకంటే ఇటుకలు గోడలోకి వచ్చేలోపే కొంత ఆరి ఉంటాయి. అందులో అయిదో వంతు మిగిలినా 36 మీటర్ల గోడకు అది 11 మిల్లీమీటర్లు అవుతుంది. ఎండకు సాగడం, చలికి ముడుచుకోవడం దీనికి అదనం. ఫ్యాక్టరీ నుంచి పచ్చిగా వచ్చిన ఇటుకలను వచ్చినట్టే గోడలో పెట్టేస్తే పరిస్థితి ఇంకా చెడుతుంది. రెండో ఏటికే మీ ప్రహరీ మూడు చోట్ల చీలడంలో ఆశ్చర్యం లేదు. నాలుగు చోట్ల చీలకపోవడమే మీ అదృష్టం.

ఇక ఇనుము సంగతి. మీ మేస్త్రి చెప్పినట్టు గోడలో అడ్డంగా ఇనుము వేస్తే అది కుంచించుకుపోవడాన్ని ఆపదు, ఒక పెద్ద చీలికను ఎన్నో సన్నని వెంట్రుక బీటలుగా పంచుతుంది. అయిదారు మీటర్ల గోడకు ఆ పద్ధతి పనికొస్తుంది. 36 మీటర్ల గోడలో పొడవునా ఆ పని చేయగలిగినంత ఇనుము వేయాలంటే అది ఇటుక గోడగా కాక కాంక్రీటు గోడగా మారిపోతుంది. ఇంకో మాట కూడా ఉంది. గోడ గట్టిగా ఉండాలని సిమెంటు పాలు పెంచి, ఒకటికి మూడు పాళ్ళ ఇసుకతో మాలు కలిపిస్తారు కొందరు. ఆ మాలు ఆరేటప్పుడు తానే ఎక్కువగా కుంచించుకుపోతుంది. పైగా ఇటుక కంటే గట్టిదైపోయి, ఇటుకల సందుల వెంట సన్నగా పోవలసిన బీటను ఇటుకల గుండా నిట్టనిలువుగా, వెడల్పుగా పంపిస్తుంది. తొమ్మిది అంగుళాల గోడకు ఒకటికి ఆరు పాళ్ళు చాలు. పాతకాలపు ఇళ్ళలో పొడవాటి గోడలు జాయింటు లేకుండా నిలబడ్డాయంటే, వాటి సున్నపు మాలు మెత్తగా ఉండి ప్రతి ఇటుక సందులోనూ కొంచెం కొంచెం సర్దుకోవడం అందుకు ఒక ముఖ్య కారణం. సిమెంటు వచ్చాక ఆ వెసులుబాటు పోయింది, దాని బదులు మనమే సందు వదలాల్సి వస్తోంది.

జాయింటు వదలడమంటే గోడ కదలికను ఆపడం కాదు, చీలిక ఎక్కడ రావాలో మనమే ముందుగా నిర్ణయించి, దాన్ని తిన్నగా, నీరు దిగకుండా, గోడ పడిపోకుండా ఏర్పాటు చేయడం. అందుకే సందు ఎక్కడ వదలాలన్నది ఎంత ముఖ్యమో, సందుకు రెండు పక్కలా గోడ ఎలా నిలబడుతుందన్నది అంతకంటే ముఖ్యం. మీ మేస్త్రి భయం కూడా ఈ రెండో విషయం గురించే. అది నిజమైన భయమే, కొట్టిపారేయకండి. జాయింటు దగ్గర గోడకు ఒక కొత్త అంచు పుడుతుంది. ఆ అంచుకు ఆసరా లేకపోతే గాలికో, ఎవరైనా ఆనుకుంటేనో అది ఊగుతుంది.

కొత్తగా కట్టే ఫ్లైయాష్ లేదా సిమెంటు దిమ్మెల ప్రహరీకి 20 అడుగులకు ఒక జాయింటు, ఎర్ర ఇటుక ప్రహరీకి 20 నుంచి 25 అడుగులకు ఒకటి చొప్పున వదలమని నా సలహా. మూల తిరిగే చోట మొదటి జాయింటు ఇంకా దగ్గరగా, పది పన్నెండు అడుగుల లోపే రావాలి. పొడవాటి గోడ సాగి పొట్టి గోడను మూల దగ్గర నెట్టేస్తుంది కాబట్టి చాలా ప్రహరీల్లో మూలకు జానెడు, మూరెడు దూరంలోనే నిలువు బీట కనిపిస్తుంది. గోడ ఎత్తు మారే చోటా, గేటు పిల్లరుకు గోడ తగిలే చోటా కూడా జాయింటు ఉండాలి. గేటు పిల్లరుకు వేరే పునాది ఉంటుంది, గేటు వేసిన ప్రతిసారీ అది అదురుతుంది. ఆ అదురు గోడకు చేరకుండా ఉండాలంటే రెండూ అంటుకోకూడదు. అలాగే ప్రహరీ ఎక్కడైనా ఇంటి గోడకు కలుస్తుంటే అక్కడ తప్పకుండా సందు వదలాలి. బరువైన ఇల్లూ తేలికైన ప్రహరీ ఒకే తీరుగా నేలలోకి దిగవు.

సందు వెడల్పు 12 మిల్లీమీటర్లు, అంటే సుమారు అర అంగుళం ఉంటే ఇంత దూరాలకు సరిపోతుంది. ఆ సందు ప్లింత్ బీము పైనుంచి మొదలై గోడ తల వరకు తిన్నగా, తూకం గుండుకు సరిగ్గా నిలువుగా పోవాలి. ప్లింత్ బీమునూ పునాదినీ కోయకూడదు. మీలాంటి నల్లరేగడి నేలలో పునాది మీద ఒకే పట్టీలా సాగే ప్లింత్ బీము గోడకు పెద్ద ఆసరా. పైన మాత్రం గోడ తల మీద పోసే సిమెంటు పట్టీ, రెండు వైపులా ప్లాస్టరింగు, గోడ మధ్యలో కాంక్రీటు పట్టీ ఏదైనా వేస్తే అదీ, సందు దగ్గర అన్నీ తెగాలి. నేను చూసిన విఫలమైన జాయింట్లలో చాలావాటికి కారణం ఇదే. మేస్త్రి గోడలో చక్కగా సందు వదిలాడు, ప్లాస్టరింగు చేసినవాడు దాని మీదుగా పూసేశాడు, ఆరు నెలలకు ప్లాస్టరు వంకరటింకరగా చిట్లింది, ఇంటివారు జాయింటు వల్లే గోడ పగిలిందనుకున్నారు. మరో కారణం సందులో పడ్డ మాలు. ఒక్కచోట గుప్పెడు మాలు గట్టిపడి సందుకు అడ్డంగా నిలిచినా ఆ జాయింటు ఉన్నా లేనట్టే. అందుకే గోడ కట్టేటప్పుడే సందులో థర్మోకోల్ షీటుగాని, మెత్తని ఫోమ్ షీటుగాని నిలబెట్టి, దాని రెండు పక్కలా ఇటుకలు పేర్చుకుంటూ రావాలి. ఎర్ర ఇటుక గోడయితే అది ఉబ్బి సందును నొక్కుతుంది కాబట్టి గట్టి అట్టలు, చెక్క పలకలు పెట్టకూడదు. వేలితో నొక్కితే తగ్గి, వదిలితే మళ్ళీ లేచే ఫోమే పెట్టాలి.

గోడ అంచులకు ఆసరా రెండు విధాలుగా ఇవ్వవచ్చు. సందుకు రెండు పక్కలా చెరొక ఇటుక పిల్లరు కట్టడం ఒకటి. ఇది చూడటానికి కూడా నిండుగా ఉంటుంది, ఎవరికీ ప్రత్యేకంగా నేర్పక్కరలేదు. రెండోది తక్కువ ఖర్చుది. మామూలుగా వేసే కాంక్రీటు పిల్లరుకు ఒక పక్క గోడను అంటించి, రెండో పక్క అర అంగుళం సందు వదిలి, ఆ రెండో పక్క గోడ ముందుకీ వెనక్కీ ఊగకుండా జారే ఊచలతో పట్టి ఉంచడం. గాల్వనైజ్ చేసిన 8 మిల్లీమీటర్ల ఊచను మూరెడు పొడవున తీసుకుని, దాని సగాన్ని పిల్లరులోకి గట్టిగా దించి, మిగతా సగానికి గ్రీజు రాసి సన్నని ప్లాస్టిక్ గొట్టం తొడిగి, గొట్టం చివర ఒక అంగుళం ఖాళీ ఉండేలా మూతి మూసి, గోడ వరుసల మధ్య మాలులో పెట్టాలి. అయిదు వరుసలకు ఒకటి చాలు. గోడ పొడవునా ఊచ మీద జారగలదు, అడ్డంగా మాత్రం కదలలేదు. గొట్టం తొడగడం మరిచిపోతే ఊచ రెండు వైపులా పట్టేసి జాయింటును పనికిరాకుండా చేస్తుంది కాబట్టి ఈ పని జరిగేటప్పుడు మీరో, మీ ఇంట్లో ఎవరో ఒకరు దగ్గరుండి చూడండి.

మీ ప్రహరీ ఇప్పటికే కట్టి నాలుగేళ్ళయింది కాబట్టి మీకు ఇదంతా చేయనక్కరలేదు. ముందు బీటల దగ్గర తూకం గుండు వేలాడదీసి చూడండి. గోడ నిలువుగానే ఉండి, బీట పైనుంచి కింది దాకా ఇంచుమించు ఒకే వెడల్పులో ఉంటే అది కుంచించుకుపోవడం వల్ల వచ్చినదే. గోడ ఒరిగి ఉంటే పునాది సంగతి చూడాలి, దానికి జాయింటు మందు కాదు. నిలువుగానే ఉందని తేలితే ఆ మూడు బీటలనే మూడు జాయింట్లుగా మార్చండి. నాలుగేళ్ళలో ఇటుకలు ఆరవలసినంత ఆరిపోయాయి, ఇక మిగిలింది ఎండకూ చలికీ జరిగే కదలికే. దానికి 30 అడుగులకొకటి ఉన్నా సరిపోతుంది. బీటలు ఎడాపెడా వచ్చి ఎక్కడైనా 35 అడుగులకు మించి ముక్క మిగిలితే అక్కడ మాత్రం మధ్యలో మరొకటి చేర్చండి. బీటకు రెండు పక్కలా తొమ్మిదేసి అంగుళాల మేర ఇటుకలను ప్లింత్ దాకా విప్పి, తిన్నని అంచులతో తిరిగి కట్టించి, మధ్యలో అర అంగుళం సందు వదిలి, పక్కనే పిల్లరు లేకపోతే పైన చెప్పిన రెండు పద్ధతుల్లో ఒకదానితో ఆసరా ఇప్పించండి. బీటలో సిమెంటు నింపడం మాత్రం మళ్ళీ వద్దు. చలికాలంలో తెరుచుకున్న సందులో సిమెంటు నింపితే ఎండాకాలం గోడ సాగడానికి చోటుండదు. అప్పుడు అంచులు రాలడమో, పక్కన మరో బీట రావడమో జరుగుతుంది.

ఇప్పుడు మీ ఇంటి సంగతి. బ్రిటన్‌లో మీ అబ్బాయి చూసినది నిజమే. అక్కడ మట్టి ఇటుక గోడకు సుమారు 12 మీటర్లకు, కాంక్రీటు దిమ్మెల గోడకు సుమారు 6 మీటర్లకు ఒక జాయింటు వదులుతారు. విడిగా నిలబడే గోడలకూ పిట్టగోడలకూ ఆ దూరాన్ని దాదాపు సగానికి తగ్గిస్తారు. అయితే అక్కడి ఇంటి బయటి గోడ రెండు పొరలుగా ఉంటుంది. వెలుపలి పొర నాలుగంగుళాల మందం ఇటుక తొడుగు మాత్రమే. దానికీ లోపలి గోడకూ మధ్య ఖాళీ ఉంటుంది, సన్నని లోహపు కొక్కీలతో రెండింటినీ కలుపుతారు. అడ్డ గోడలేవీ ఆ తొడుగును పట్టి ఉంచవు కాబట్టి అది మీ ప్రహరీలాగే స్వేచ్ఛగా సాగుతుంది, స్వేచ్ఛగా చీలుతుంది. మీ ఇంట్లో ప్రతి పది పన్నెండు అడుగులకూ ఒక పిల్లరో, ఒక అడ్డ గోడో ఉండి ఇటుక గోడను చిన్న చిన్న చట్రాలుగా విడదీస్తున్నాయి. పిల్లర్లూ బీములూ స్లాబూ కలిసిన కాంక్రీటు చట్రాన్ని 45 మీటర్లకు మించి పొడవుంటేనే విడదీయాలని ఐఎస్ 456 ప్రమాణం చెబుతుంది. మీ ఇల్లు అందులో మూడో వంతు కూడా లేదు. కాబట్టి ఇంటిని గాని, స్లాబును గాని, లింటెల్ పట్టీని గాని ఎక్కడా కోయవద్దు. తలుపులు, కిటికీల పైన సాగే ఈ లింటెల్ పట్టీ భూకంపం వచ్చినప్పుడు గోడలన్నిటినీ కట్టి ఉంచే నడికట్టు, దాన్ని తెంచడం పెద్ద తప్పు.

అయినా పై అంతస్తులో కదలికకు చోటివ్వాల్సిన జాగాలు మూడున్నాయి. మొదటిది గోడ తల, బీము అడుగు కలిసే చోటు. బీము బరువుకు కొద్దిగా వంగుతుంది, కింద గోడ ఆరుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది. గోడను ఒకే ఊపున బీము దాకా బిగించేస్తే తరువాత అక్కడ అడ్డంగా గీత పడుతుంది. అందుకని చివరి వరుసను వెంటనే పెట్టకుండా, మిగతా గోడలన్నీ అయ్యేదాకా, కనీసం రెండు వారాలు ఆగి, అప్పుడు ఒకటికి ఆరు పాళ్ళ మాలుతో బిగించమనండి. పిల్లర్ల ఇల్లు కాబట్టి ఇది సాధ్యమే, గోడల కంటే ముందే స్లాబు పోసేస్తారు. రోజుకు మూడు నాలుగు అడుగులకు మించి గోడ ఎత్తు పెంచవద్దని కూడా చెప్పండి.

రెండోది పిల్లరుకూ గోడకూ మధ్య నిలువు గీత. కాంక్రీటుదీ ఇటుకదీ సాగే తీరు వేరు కాబట్టి ఇక్కడ ఏదో ఒకనాడు వెంట్రుకంత బీట రావడం ఖాయం. చాలామంది ఆ చోట కోడి వల కొట్టి ప్లాస్టరు చేయిస్తారు. పిల్లరు మీదికి ఆరంగుళాలు, గోడ మీదికి ఆరంగుళాలు వచ్చేలా కొట్టి, వల గోడకు అంటుకుపోకుండా ప్లాస్టరు మధ్యలో ఉండేలా చేస్తే అది బాగానే పనిచేస్తుంది. లేదా ప్లాస్టరులోనే ఆ గీత వెంట ఎనిమిది మిల్లీమీటర్ల గాడి తిన్నగా తీయించవచ్చు, బీట వచ్చినా గాడిలో దాక్కుంటుంది. లోపలి గదుల్లో వల, బయటి గోడల మీద గాడి నాకు నచ్చిన పద్ధతి. బయటి గోడ మీద ఆ గాడిలో సీలెంటు, అంటే సందును మూసే రబ్బరులాంటి పదార్థం, కూడా పట్టించాలి. ఒకే గీతకు రెండూ చేయించి డబ్బు దండగ చేసుకోకండి.

మూడోది, అన్నిటికంటే అశ్రద్ధకు గురయ్యేది, పిట్టగోడ. మేడ మీద ఎండ, గాలి, వాన మూడూ దానికే ఎక్కువగా తగులుతాయి. మోయడానికి పైన బరువేమీ ఉండదు కాబట్టి అది సులభంగా కదులుతుంది. స్లాబు సాగితే దానితోపాటు ఈడ్చుకుపోవలసి వస్తుంది. మీ ఇంటి 40 అడుగుల వైపు పిట్టగోడను రెండు చోట్ల, 30 అడుగుల వైపు ఒక చోట విడదీయండి, మూలలకు దగ్గరగా పెట్టించండి. సందు స్లాబు పైనుంచి మాత్రమే మొదలవుతుంది, స్లాబును తాకకూడదు. ప్రహరీ జాయింటులో సీలెంటు లేకపోయినా ప్రాణం మీదికి రాదు గాని, పిట్టగోడ సందును నీరు దిగకుండా మూయడం తప్పనిసరి. లేకపోతే ఆ సందులోంచి దిగిన నీరు కింది గది సీలింగులో మచ్చగా తేలుతుంది.

సీలెంటు పట్టించడంలో ఉండే కిటుకు ఒక్కటే: అది సందులోని రెండు పక్కలకే అంటుకోవాలి, వెనక దేనికీ అంటుకోకూడదు. మూడు వైపులా అంటుకున్న సీలెంటు సాగలేక చినిగిపోతుంది. అందుకని సందులో అంగుళం లోతున దుమ్ము, మాలు ముక్కలు శుభ్రంగా తీసి, సందు కంటే కాస్త లావుగా ఉండే గుండ్రటి ఫోమ్ తాడును లోపలికి నొక్కి, దాని మీద సీలెంటు పట్టించాలి. సందు వెడల్పు 12 మిల్లీమీటర్లయితే సీలెంటు లోతు అందులో సగం చాలు. ఎక్కువ పోస్తే మంచిదనుకోవడం పొరపాటు. బయటి గోడలకు పాలీయురథేన్ గాని, పాలీసల్ఫైడ్ గాని తీసుకోండి. సిలికాన్ కూడా బాగా సాగుతుంది గాని దాని మీద రంగు నిలవదు. చవకగా దొరికే యాక్రిలిక్ రకం ఇంటి లోపలికి సరిపోతుంది, బయట ఎండకు ఎక్కువ కాలం నిలవదు. గోడ పూర్తిగా పొడిగా ఉన్న రోజున, మండుటెండలో గాక ఉదయం పూట ఈ పని చేయించండి.

పై అంతస్తుకు ఇటుకలు తెచ్చుకునేటప్పుడు కనీసం నాలుగు వారాల కిందట తయారైనవి అడిగి తెచ్చుకోండి, వాన తగలకుండా కప్పి ఉంచండి. ఎర్ర ఇటుకలను నానబెట్టినట్టు ఫ్లైయాష్ ఇటుకలను తొట్టెలో నానబెట్టకూడదు. అవి ఎంత నీరు తాగితే ఆరేటప్పుడు అంత కుంచించుకుపోతాయి. పైన కాస్త నీళ్ళు చిలకరిస్తే చాలు. గోడ కట్టాక వారం రోజులు తడిపి, ఆ తరువాత ఒక నెల ఆరనిచ్చి అప్పుడు ప్లాస్టరు చేయించండి. ఈ నెల రోజుల ఓపిక, నా దృష్టిలో, ఏ సీలెంటు కంటే కూడా ఎక్కువ బీటలను ఆపుతుంది. పాఠకుల్లో ఎర్ర ఇటుకలతో కట్టుకుంటున్నవారు బట్టీ నుంచి దించిన ఇటుకలను రెండు మూడు వారాలైనా ఆరుబయట ఉంచి, వాడే ముందు నానబెట్టుకోవాలి.

చివరగా పోర్టికో బీట. మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించిన మాట, అది ఎండాకాలంలో తెరుచుకుని వానల్లో మూసుకుంటుందన్నది. గోడ వేడికి సాగడం వల్ల, చలికి ముడుచుకోవడం వల్ల వచ్చే బీట దీనికి తలకిందులుగా, చలికాలంలో తెరుచుకుని ఎండల్లో మూసుకుంటుంది. మీది ఎండకు నెర్రెలిచ్చి, వానకు ఉబ్బే నల్లరేగడి పని. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పోవడం కూడా ఒక పక్క పునాది కిందికి దిగుతోందని చెబుతోంది. పక్కనున్న వేపచెట్టు ఎండాకాలంలో నేలలోని తేమను లోతుగా లాగేస్తుంది కాబట్టి ఆ పక్క నేల మరింత కుంగుతుంది. ఈ గోడలో జాయింటు కోసినా, సీలెంటు నింపినా కింద నేల కదలిక ఆగదు.

మీరు చేయవలసింది, పై అంతస్తు మాట ఎత్తే ముందే ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి పోర్టికో పునాది లోతునూ, ఇంటి పునాదులు ఇంకో అంతస్తు బరువుకు లెక్క వేసి కట్టినవా కాదా అన్నదాన్నీ చూపించడం. పోర్టికో పునాది ఇంటి పునాది కంటే తక్కువ లోతులో ఉంటే, చాలా ఇళ్ళలో అలాగే ఉంటుంది, అప్పుడు పోర్టికోకూ ఇంటికీ మధ్య నిలువునా పూర్తి సందు పెట్టించమని ఆయన చెప్పవచ్చు. అందుకు పోర్టికో తన పిల్లర్ల మీద తాను నిలబడగలగాలి, కాబట్టి ఆ నిర్ణయం మేస్త్రికి వదలకండి. కొత్తగా పునాది వేయవలసి వస్తే, రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ ఇలాంటి నేలల కోసమే అభివృద్ధి చేసిన, అడుగున గుబ్బలా వెడల్పయ్యే అండర్ రీమ్డ్ పైల్స్ గురించి అడగండి. అవి నేల కదిలే పొరను దాటి కిందికి పోయి నిలుస్తాయి.

ఈలోపు మీరు సొంతంగా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి. ఇంటి చుట్టూ నాలుగైదు అడుగుల వెడల్పున, బయటికి వాలు ఉండేలా గచ్చు చేయించి, మేడ మీది వాననీటి గొట్టాలను పునాది దగ్గర వదలకుండా దూరంగా కాలువలోకి మళ్ళించండి. ఆ గచ్చుకూ ఇంటి గోడకూ మధ్య కూడా సన్నని సందు వదిలి సీలెంటు నింపించండి. పోర్టికో దగ్గర కుళాయి గాని, డ్రైనేజీ గొట్టం గాని కారుతుంటే బాగు చేయించండి. చెట్టును ఉన్నపళంగా నరికించకండి. అది తాగుతున్న నీరు ఒక్కసారిగా నేలలోనే మిగిలిపోతే రేగడి ఉబ్బి గోడను మరోవైపు ఎత్తుతుంది. కొమ్మలు తగ్గించి, మిగతాది ఇంజనీరు చూశాక నిర్ణయించుకోండి. బీటకు రెండు పక్కలా పెన్సిలుతో చెరొక చుక్క పెట్టి, ప్రతి నెలా మొదటి తారీకున ఆ రెండింటి మధ్య దూరాన్ని స్కేలుతో కొలిచి ఒక పుస్తకంలో రాసుకుంటే, ఆయన వచ్చినప్పుడు చూపించడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.